ముప్పై దాటాక బాక్సింగ్: మొదటి రోజు నుంచి మొదటి స్పారింగ్ దాకా

నేను బాక్సింగ్ హాల్లో మొదటిసారి అడుగుపెట్టేనాటికి నాకు ముప్పై ఏడేళ్ళు. పగలంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగం, నడుం నొప్పి, రెండంతస్తుల మెట్లెక్కితే ఆయాసం. ఇప్పటికి మూడేళ్ళయింది. ఈ మూడేళ్ళలో నన్ను ఎక్కువమంది అడిగింది ఒకటే, ఈ వయసులో మొదలుపెట్టొచ్చా అని. పెట్టొచ్చు. కాకపోతే పదిహేనేళ్ళ పిల్లలు నేర్చుకునే పద్ధతిలో కాదు. వాళ్ళ మణికట్టు బెణికితే వారంలో సర్దుకుంటుంది, మనకి నెలన్నర పడుతుంది. అందుకే పెద్దవాళ్ళు ఏది ముందు నేర్చుకోవాలి, ఏది ఎప్పటిదాకా ఆపుకోవాలి అన్న వరస చాలా ముఖ్యం. ఆ వరస తెలియక నేను మొదట్లోనే దెబ్బతిన్నాను, ఆ సంగతి కింద చెప్తాను.

ముందు ఒక విషయం తేల్చుకోండి. మనం పోటీల కోసం మొదలుపెట్టట్లేదు. అంతర్జాతీయ అమెచ్యూర్ పోటీల్లో, అంటే ఒలింపిక్స్ తరహా పోటీల్లో, ఎలీట్ విభాగం (పెద్దలది) వయసు 19 నుంచి 40 దాకా. జార్జ్ ఫోర్‌మన్ 1994లో 45 ఏళ్ళకి హెవీవెయిట్ టైటిల్ గెలిచాడని చెప్పి మనల్ని ఉత్సాహపరిచేవాళ్ళుంటారు. నిజమే, గెలిచాడు, కానీ ఆయన 1968 ఒలింపిక్స్‌లోనే స్వర్ణం కొట్టిన మనిషి. ఆ లెక్క మనకి పనికిరాదు. మనం మొదలుపెట్టేది ఒంట్లో చురుకు రావడానికి, ఒక విద్య చేతికి రావడానికి, ఎదుటివాడి చెయ్యి ముఖం మీదకి వస్తున్నా కళ్ళు మూసుకోకుండా నిలబడటానికి. అవి మూడూ నలభైలో కూడా వస్తాయి, నాకు వచ్చాయి.

డాక్టర్ దగ్గరికి ఒకసారి

బీపీ, షుగర్, ఈసీజీ ఈ మూడూ చూపించుకోండి. బాక్సింగ్‌లో గుండె వేగం ఒక్కసారిగా పైకి వెళ్ళి, నిమిషం దిగి, మళ్ళీ పైకి వెళ్తుంది. ఇది వాకింగ్ లాంటిది కాదు. నలభై దాటినవాళ్ళు, ఇంట్లో గుండెజబ్బు ఉన్నవాళ్ళు ట్రెడ్‌మిల్ టెస్ట్ అవసరమా అని కూడా అడగండి.

చాలామంది వదిలేసేది కళ్ళ సంగతి. మైనస్ పవర్ ఎక్కువ ఉన్నవాళ్ళకి రెటీనా పలచబడి ఉండొచ్చు, తలకి దెబ్బలు తగిలితే అది ఊడే ప్రమాదం ఉంది. అలాంటివాళ్ళు, కంటికి లేజర్ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు కంటి డాక్టర్‌ని స్పష్టంగా అడగాలి: "బ్యాగు కొట్టుకోవచ్చా, స్పారింగ్ చెయ్యొచ్చా" అని రెండూ విడివిడిగా. బ్యాగు అంటే వేలాడదీసి కొట్టే బరువు సంచి, స్పారింగ్ అంటే రింగులో ఎదురుగా మనిషితో ప్రాక్టీసుగా ఆడటం. బ్యాగుకి ఒప్పుకుని స్పారింగ్ వద్దంటే, వద్దనే అర్థం. స్పారింగ్ లేకుండా కూడా ఈ ఆటలో ముప్పావు వంతు నేర్చుకోవచ్చు. రక్తం పలచబడే మందులు వాడుతున్నవాళ్ళు, గతంలో తలకి పెద్ద దెబ్బ తగిలినవాళ్ళు తలకి దెబ్బ తగిలే ఏ పనీ పెట్టుకోవద్దు. గర్భంతో ఉన్నవాళ్ళు ప్రసవం అయ్యాక, డాక్టర్ సరే అన్నాక మొదలుపెట్టండి.

ఎక్కడ చేరాలి

తెలుగు నేలకి బాక్సింగ్ కొత్త కాదు. నిజామాబాద్ నుంచి నిఖత్ జరీన్ వచ్చింది. 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగంలో, 2023లో ఢిల్లీలో 50 కిలోల విభాగంలో ప్రపంచ ఛాంపియన్. అదే ఊరి హుసాముద్దీన్ 2018, 2022 కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యాలు తెచ్చాడు. మా విశాఖపట్నంలో ద్రోణాచార్య అవార్డు అందుకున్న ఐ.వెంకటేశ్వరరావు గారి దగ్గర నిఖత్ కూడా చిన్నప్పుడు శిక్షణ తీసుకుంది. కాబట్టి పెద్ద ఊళ్ళలో వెతికితే అసలైన బాక్సింగ్ నేర్పే మనిషి దొరక్కపోడు. ఒకప్పుడు తానే రింగులో ఆడినవాడు, సైన్యంలోనో రైల్వేలోనో పనిచేసి రిటైరైనవాడు, స్టేడియం వెనక రేకుల షెడ్డులో పిల్లలకి నేర్పుతూ ఉంటాడు. అద్దాలు, ఏసీ, పెద్ద పాటలు ఉన్న జిమ్ముల్లో బాక్సింగ్ పేరుతో నడిచే క్లాసుల్లో చెమట బాగానే పడుతుంది, కానీ అక్కడ మీ పాదం ఎక్కడుందో చూసేవాడు ఉన్నాడా అన్నదే నాకు లెక్క.

డబ్బు కట్టేముందు ఒక సాయంత్రం గోడ పక్కన కూర్చుని మొత్తం చూడండి. కొత్తగా వచ్చినవాళ్ళు ఏం చేస్తున్నారు? వారం రోజుల వాణ్ణి రింగులోకి తోసి "కొట్టుకోండి" అంటుంటే చెప్పులేసుకుని బయటికి వచ్చెయ్యండి. మాస్టారు ఒక్కొక్కరి దగ్గర ఆగి మోచెయ్యి సర్దుతున్నారా, స్పారింగ్ జరిగేటప్పుడు రింగు పక్కనే ఉంటున్నారా, లేక ఫోను చూసుకుంటున్నారా? హాల్లో ఐసు, ఫస్ట్ ఎయిడ్ పెట్టె ఉన్నాయా? ఆడవాళ్ళయితే మిగతా ఆడపిల్లలు ఎంతమంది వస్తున్నారు, వాళ్ళు స్వేచ్ఛగా ఉన్నారా అన్నది చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. వాళ్ళతోనే మాట్లాడండి.

చిన్నపిల్లల మధ్య నేర్చుకోవడానికి చాలామంది పెద్దవాళ్ళకి మొహమాటం. నా పాదం తప్పుని మాస్టారికంటే ముందు పట్టుకున్నది తొమ్మిదో తరగతి అమ్మాయి. "అంకుల్, మీరు ప్రతిసారీ వెనక మడమ కింద పెట్టేస్తున్నారు, అందుకే లేట్ అవుతోంది" అంది. అదే నిజం. ఆ పిల్ల అయిదేళ్ళుగా ఆడుతోంది, నాకు అయిదు వారాలు. తెలిసినవాళ్ళు చెప్తే వినడానికి వయసు అడ్డం రానివ్వకండి.

ఏం కొనాలి

మొదటి వారం ఏమీ కొనొద్దు, బూట్లూ నీళ్ళ సీసా చాలు. నిలబడటం, నడవటమే నేర్పుతారు. మానకుండా రెండో వారం కూడా వెళ్తే అప్పుడు కొనండి.

ముందుగా చేతికి కట్టుకునే పట్టీ, మా హాల్లో అందరూ బ్యాండేజీ అంటారు. 180 అంగుళాలది, అంటే నాలుగున్నర మీటర్లది, కొంచెం సాగేది తీసుకోండి. 108 అంగుళాలది చవగ్గా వస్తుంది గానీ పెద్దవాళ్ళ చేతికి చాలదు. రెండు జతలు కొంటే ఒకటి ఉతికి ఆరేసినప్పుడు ఇంకోటి ఉంటుంది. గ్లవ్స్ బరువుని ఔన్సుల్లో చెప్తారు, ఔన్సు సుమారు 28 గ్రాములు. బ్యాగుకీ, మాస్టారు చేతులకి తొడుక్కుని మన దెబ్బలు పట్టే ప్యాడ్లకీ 12 ఔన్సులు, ఒళ్ళు బరువున్నవాళ్ళకి 14. స్పారింగ్‌కి 16 ఔన్సులవి విడిగా ఉండాలి, కానీ వాటి అవసరం ఇంకా నెలల దూరంలో ఉంది. బ్యాగు కొట్టి కొట్టి లోపలి మెత్త అణిగిపోయిన గ్లవ్స్‌తో మనిషిని కొట్టకూడదు. గ్లవ్స్‌ని బ్యాండేజీ కట్టుకున్న చేత్తోనే వేసుకుని చూసి కొనండి, ఉత్తి చేతికి సరిపోయింది తర్వాత బిగుసుకుపోతుంది.

పళ్ళకి పెట్టుకునే మౌత్‌గార్డ్ వేడినీళ్ళలో మెత్తబరిచి కొరికి అచ్చు తీసుకునే రకం చాలు. ప్యాకెట్టు మీద ఎన్ని సెకన్లు రాసుంటే అన్నే ఉంచండి, ఎక్కువ ఉంచితే ముద్దైపోతుంది. స్కిప్పింగ్ తాడు కొనేటప్పుడు మధ్యలో కాలు వేసి నిలబడితే పిడులు చంకల దాకా రావాలి. పరుగు బూట్లకి మడమ ఎత్తుగా, మెత్తగా ఉంటుంది, దానివల్ల పాదం తిప్పడం కష్టం. బాక్సింగ్ బూట్లు కొనేదాకా అడుగు చదునుగా ఉన్న క్యాన్వాస్ బూట్లు నయం.

బ్యాండేజీ కట్టడం

ఇది మొదట ఇంట్లో కూర్చుని ఇరవైసార్లు కట్టి విప్పండి. చేతిలో ఇరవై ఏడు చిన్న ఎముకలున్నాయి, బ్యాండేజీ పని వాటన్నిటినీ ఒక్క ముద్దగా పట్టి ఉంచడం. గ్లవ్ ఎదుటివాణ్ణి కాపాడుతుంది, బ్యాండేజీ మన చేతిని కాపాడుతుంది అని మా మాస్టారు మొదటిరోజే చెప్పారు.

వేళ్ళు బాగా విడదీసి చాచండి, కట్టినంతసేపూ అలాగే ఉంచాలి. చివరనున్న ఉచ్చు లాంటి తొడుగులో బొటనవేలు దూర్చి, పట్టీని ముందుగా చేతి వెనకవైపు నుంచి తీసుకెళ్ళండి. అరచేతివైపు నుంచి మొదలుపెడితే పిడికిలి బిగించినప్పుడు వదులైపోతుంది. మణికట్టు చుట్టూ మూడు చుట్లు, ఒకదాని మీదే ఒకటి కాకుండా కొంచెం కొంచెం జరుపుతూ. అక్కణ్ణుంచి చేతి వెనక మీదుగా ఏటవాలుగా పైకి తెచ్చి పిడికిలి కణుపుల మీద మూడు చుట్లు. మళ్ళీ బొటనవేలి మొదటికి దింపి, చిటికెన వేలికీ ఉంగరం వేలికీ మధ్యలోంచి తీసి వెనక్కి, తర్వాత ఉంగరం వేలికీ మధ్యవేలికీ మధ్యలోంచి, తర్వాత మధ్యవేలికీ చూపుడువేలికీ మధ్యలోంచి. ప్రతిసారీ బొటనవేలి మొదటికే వచ్చి వెళ్ళాలి, అప్పుడు చేతి వెనక గుణకారం గుర్తులు పడతాయి. బొటనవేలికి ఒక చుట్టు, కణుపుల మీద ఇంకో రెండు, మిగిలిందంతా మణికట్టుకి.

ఇప్పుడు పిడికిలి బిగించండి. గట్టిగా, నిండుగా ఉండాలి. వదిలితే నొప్పి ఉండకూడదు. వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కినా, నీలంగా మారినా విప్పి మళ్ళీ కట్టుకోండి. తొందరగా ఉందని ఒక్కరోజు కూడా ఉత్తి చేత్తో బ్యాగు ముట్టుకోకండి.

ఇక్కడే నా సంగతి. నేను మొదట ఇంటికి దగ్గరగా ఉందని ఒక జిమ్ములో చేరాను. నాలుగో రోజు అక్కడి కుర్రాడు గ్లవ్స్ ఇచ్చి బ్యాగు చూపించి "కొట్టండి సార్, స్ట్రెస్ అంతా పోతుంది" అన్నాడు. బ్యాండేజీ లేదు, ఎలా కొట్టాలో చెప్పలేదు. రెండో నిమిషంలో పక్కనుంచి గట్టిగా ఒకటి విసిరాను, మణికట్టు లోపలికి మడతపడింది. ఎక్స్‌రేలో ఎముక విరగలేదు గానీ లిగమెంట్ బెణికింది. ఆరు వారాలు కుడిచేత్తో స్కూటర్ యాక్సిలరేటర్ తిప్పలేకపోయాను. ఆ ఆరు వారాల్లోనే ఇప్పటి మాస్టారి దగ్గరికి వెళ్ళి, ఒక చెయ్యి జేబులో పెట్టుకుని, కేవలం నడక నేర్చుకున్నాను.

మొదటి నెల: కాళ్ళు

కుడిచేతి వాటం వాళ్ళకి ఎడమకాలు ముందు. పాదాల మధ్య భుజాల వెడల్పు కంటే కొంచెం ఎక్కువ. రెండు పాదాలూ ఒకే గీత మీద ఉండకూడదు. ఇంట్లో గచ్చు మీద టైల్సు అతుకు గీత ఉంటుంది కదా, దానికి ఇటు ఒక పాదం, అటు ఒక పాదం పెట్టి చూసుకోండి. ఒకే గీత మీద ఉంటే పక్కనుంచి వేలితో తోసినా పడిపోతారు. ముందు పాదం కొంచెం లోపలికి తిరిగి, వెనక మడమ నేలకి రెండు వేళ్ళ ఎత్తున లేచి, మోకాళ్ళు బిగుసుకోకుండా ఉండాలి. గడ్డం దించి, మోచేతులు పక్కటెముకలకి ఆనించి, కుడిపిడికిలి చెంప దగ్గర, ఎడమపిడికిలి కంటి ఎత్తులో కొంచెం ముందుకి.

నడకకి ఒకే సూత్రం: ఎటు వెళ్తున్నామో అటువైపు కాలు ముందు కదలాలి, రెండోది వెనకే వచ్చి మళ్ళీ అదే దూరంలో ఆగాలి. ముందుకి ఎడమకాలు, వెనక్కి కుడికాలు. ఎడమపక్కకి ఎడమ, కుడిపక్కకి కుడి. కాళ్ళు ఎప్పుడూ ఒకదాన్ని ఒకటి దాటకూడదు, దగ్గరికి కూడా చేరకూడదు. వినడానికి సులువుగానే ఉంటుంది, రెండు నిమిషాలు చేస్తే పిక్కలు మండుతాయి. చేతులు దించకుండా హాలు ఈ చివరనుంచి ఆ చివరికి నడిపిస్తారు, విసుగొస్తుంది, చాలామంది మానేసేది ఈ రెండో వారంలోనే. మానొద్దు. దెబ్బలో బలం నేలనుంచి పాదం, నడుం, భుజం మీదుగా పిడికిలికి వస్తుంది. కాలు తప్పు చోట ఉంటే ఎంత కండ ఉన్నా లాభం లేదు. మా హాల్లో జిమ్ము చేసి భుజాలు పెంచిన కుర్రాడు బ్యాగు కొడితే అది ఊగుతుంది, యాభై కిలోల అమ్మాయి కొడితే అది అదిరి మధ్యలో మడతపడుతుంది. ఆ చప్పుడు కూడా వేరు.

దెబ్బలు, ఒక్కొక్కటిగా

మాస్టార్లు అంకెలతో పిలుస్తారు: 1 జాబ్ (ముందుచేతి తిన్నటి దెబ్బ), 2 క్రాస్ (వెనకచేతి తిన్నటి దెబ్బ), 3 ముందుచేతి హుక్ (పక్కనుంచి వచ్చేది), 4 వెనకచేతి హుక్, 5 ముందుచేతి అప్పర్‌కట్ (కిందనుంచి పైకి వచ్చేది), 6 వెనకచేతి అప్పర్‌కట్. ఆరూ ఒక వారంలో నేర్పేస్తామంటే ఒప్పుకోకండి. నాకు మొదటి నెల చివరన ఒకటి, రెండు మాత్రమే వచ్చు.

జాబ్‌కే ఎక్కువ రోజులు ఇవ్వండి. ఎడమచెయ్యి కంటి ముందునుంచి తిన్నగా వెళ్ళాలి. మోచెయ్యి బయటికి రెక్కలా లేవకూడదు. చెయ్యి పూర్తిగా చాచేసరికి అరచెయ్యి నేలవైపు తిరగాలి, భుజం లేచి గడ్డానికి తగలాలి. ఆ భుజమే మీ దవడకి గోడ. అదే సమయంలో ఎడమకాలు చిన్న అడుగు. వెళ్ళినదారినే వెనక్కి, వెళ్ళినంత వేగంగా, కంటి దగ్గరికే రావాలి. కొత్తవాళ్ళ చెయ్యి తిరిగొచ్చేటప్పుడు నడుం దాకా జారిపోతుంది. కుడిచెయ్యి చెంప వదిలి కిందికి దిగుతుంది. ఈ రెండు తప్పులకి మందు: కుడిచేత్తో ఫోను పట్టుకుని చెవికి ఆనించినట్టు ఊహించుకుని అద్దం ముందు రోజూ వంద జాబ్‌లు, నెమ్మదిగా. గడ్డం లేస్తోందనిపిస్తే గడ్డానికీ ఛాతీకీ మధ్య టెన్నిస్ బంతి పెట్టుకుని చెయ్యండి, గడ్డం లేచిన క్షణమే అది పడిపోయి చెప్పేస్తుంది.

క్రాస్‌లో కుడిచెయ్యి వెళ్ళేది చివర్న. ముందు కుడిపాదం ముందుభాగం మీద మడమ బయటికి తిరుగుతుంది, బీడీ ముక్క నలిపినట్టు. దాంతో నడుం తిరుగుతుంది, భుజం వస్తుంది, చెయ్యి దాని వెంట వస్తుంది. తల ముందుమోకాలు దాటి ముందుకి పడకూడదు.

పిడికిలి గురించి. బొటనవేలు బయట, వేళ్ళ మీద అడ్డంగా ఉండాలి, లోపల దాచొద్దు. తగిలేది చూపుడువేలు, మధ్యవేలు కణుపులు. ఆ రెండూ మణికట్టుకి, ముంజేతికి ఒకే గీతలో ఉంటాయి. చిటికెన వేలివైపు తగిలితే దాని వెనకున్న సన్నటి ఎముక విరుగుతుంది. డాక్టర్లు దానికి బాక్సర్ ఫ్రాక్చర్ అనే పేరు పెట్టారు గానీ అది ఎక్కువగా కొట్టడం రానివాళ్ళకే అవుతుంది.

హుక్ రెండో నెలలో. మోచెయ్యి భుజం ఎత్తుకి లేచి, చెయ్యి తొంభై డిగ్రీల్లో బిగుసుకుని, ముందుపాదం తిరగడంతో ఒళ్ళంతా తలుపులా తిరగాలి. చెయ్యి ఒక్కటే విసిరితే భుజం కీలు పాడవుతుంది. అప్పర్‌కట్‌కి మోకాళ్ళు కొంచెం వంచి లేవడమే బలం, చెయ్యి కిందికి దించి తవ్వక్కర్లేదు.

ఊపిరి బిగపట్టకండి. ప్రతి దెబ్బకీ పళ్ళ సందులోంచి "స్స్" అని చిన్నగా వదలాలి. నాలుగు దెబ్బలకి నాలుగు "స్స్"లు. ఒక్క నిమిషంలో అలిసిపోయే కొత్తవాళ్ళలో ఎక్కువమందికి అసలు తక్కువైంది స్టామినా కాదు, వాళ్ళు గాలి వదలడం మర్చిపోతారు.

ఒక రోజు ఎలా గడుస్తుంది

వారానికి మూడురోజులు చాలు, మధ్యలో ఒకరోజు ఖాళీ. సోమ, బుధ, శుక్ర నాకు కుదిరాయి. అమెచ్యూర్ బౌట్ అంటే మూడు నిమిషాల రౌండ్లు మూడు, మధ్యలో నిమిషం విశ్రాంతి. హాల్లో గంట కూడా అలాగే మోగుతుంది. మొదటి రెండు నెలలు మీరు రెండు నిమిషాలకే ఆపుకోండి, ఎవరూ ఏమనరు.

ముందు తాడు, మూడు రౌండ్లు. అంగుళం కంటే పైకి ఎగరొద్దు, మునివేళ్ళ మీద దిగాలి, మణికట్టుతోనే తిప్పాలి. బరువు ఎక్కువున్నవాళ్ళకి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి తాడు బదులు అదే సమయం అడుగుల ప్రాక్టీసు మేలు. మోకాలి కింద ముందు ఎముక వెంబడి నొప్పి మొదలైతే వారం తాడు ఆపండి. తర్వాత కీళ్ళు తిప్పుకోవడం పది నిమిషాలు. తర్వాత షాడో, అంటే గాలిలో ఎదుటివాణ్ణి ఊహించుకుని ఆడటం, మూడు రౌండ్లు. దీన్ని టైంపాస్‌లా చేసేవాళ్ళు ఏళ్ళ తరబడి అక్కడే ఉంటారు. ప్రతి రౌండుకీ ఒకటే పని పెట్టుకోండి: ఈ రౌండంతా జాబ్ కొట్టి ఎడమవైపు అడుగు, ఇంకేం లేదు.

ఆపైన మాస్టారు ప్యాడ్లు పట్టుకుంటే రెండు రౌండ్లు, బ్యాగు మూడు రౌండ్లు. బ్యాగుని మీ బలంలో సగం కంటే కొంచెం ఎక్కువతో కొట్టండి. మొదటి మూడు నెలలూ అంతే. బ్యాగుకి చెయ్యి అంటించి తోయకండి, తాకి వెనక్కి రావాలి, కాలే పెనం మీద వేలు పెట్టి తీసినట్టు. కొట్టాక అక్కడే నిలబడి చూసుకోకుండా ఒక అడుగు పక్కకి జరగండి. చివర పొట్టకి కసరత్తు, ఒళ్ళు సాగదీయడం. మొత్తం గంటా పావు.

రెండోరోజు, మూడోరోజు పిక్కలు, భుజాలు, వీపు నొప్పెడతాయి. కండ బరువుగా, సలుపుతున్నట్టు ఉంటే మామూలే, నడిస్తే తగ్గుతుంది. కీలు దగ్గర ఒకేచోట గుచ్చినట్టు నొప్పి, వాపు ఉంటే ఆగాలి. ఆపిన రోజు ఇంట్లో కూర్చోకుండా హాలుకి వెళ్ళి చూడండి, చూసి కూడా నేర్చుకుంటాం.

తిండి సంగతి నేను ఎక్కువ చెప్పను. భోజనానికీ ప్రాక్టీసుకీ రెండుగంటల గ్యాప్, ఆకలేస్తే అరగంట ముందు ఒక అరటిపండు. అయ్యాక గుడ్లో పెసరట్టో పెరుగన్నమో. మొదటి ఆరునెలలు బరువు తగ్గాలని తిండి మానొద్దు, కాళ్ళు తేలిపోయి దెబ్బలు తగులుతాయి. మా విశాఖ ఉక్కపోతలో, తెలంగాణ ఎండల్లో మాత్రం నీళ్ళొక్కటే చాలవు. ఉప్పు వేసిన మజ్జిగ, ఓఆర్ఎస్ దగ్గరుంచుకోండి. మే నెలలో తెల్లవారి ఆరులోపే ముగించండి. చెమట ఆగిపోయి, వణుకు, తలతిరుగుడు వస్తే అది వడదెబ్బ మొదలు. నీడలో పడుకోబెట్టి ఒంటికి తడిబట్టలు చుట్టి గాలి విసరాలి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

గ్లవ్స్‌ని సంచిలో మూసిపెట్టి రేపటిదాకా వదిలితే ఉక్కకి బూజు, వాసన, చేతికి దద్దుర్లు. విప్పగానే లోపల పొడిగుడ్డతో తుడిచి, న్యూస్‌పేపరు ఉండలు కుక్కి, ఫ్యాన్ కింద పెట్టండి. తోలువి ఎండలో పెడితే పగులుతాయి. బ్యాండేజీ మాత్రం ప్రతిరోజూ ఉతకాల్సిందే.

తప్పించుకోవడం

రెండో నెలలోనే మొదలవ్వాలి. సులువైనది వెనక్కి ఒక అడుగు, అదే అన్నిటికంటే మంచిది కూడా. తర్వాత కుడి అరచేత్తో జాబ్‌ని పట్టినట్టు ఆపడం, తర్వాత భుజం తిప్పి తల పక్కకి జరపడం, తర్వాత మోకాళ్ళు వంచి కిందనుంచి వెళ్ళడం. నడుం దగ్గర వంగకండి, కళ్ళు నేలవైపు పోతాయి. హాలుకి అడ్డంగా తాడు కట్టి దానికింద అటూ ఇటూ దూరుతూ నడిపిస్తారు, అది ఇంట్లో బట్టలారేసే తాడు కింద కూడా చెయ్యొచ్చు.

పెద్దవాళ్ళకి అసలు కష్టం భయం. ముప్పై ఏళ్ళుగా మనల్ని ఎవరూ కొట్టలేదు, కాబట్టి చెయ్యి కనబడగానే కళ్ళు మూసుకుపోతాయి, ముఖం పక్కకి తిరుగుతుంది. ఇది పిరికితనం కాదు, శరీరం తనని తాను కాపాడుకోవడం. మా మాస్టారు గ్లవ్ తొడిగి నా నుదుటిని మెల్లగా తాకుతూ ఉండేవారు. నా పని గార్డ్ పెట్టి, అంటే రెండు పిడికిళ్ళూ ముఖం దగ్గర ఉంచి, కళ్ళు తెరిచి, ఆయన ఛాతీ మధ్యలో చూస్తూ ఊపిరి వదలడం. రోజుకి రెండు నిమిషాలు. మూడు వారాలకి రెప్ప పడటం తగ్గింది. దీన్ని దాటెయ్యకుండా మీ కోచ్‌ని అడిగి చేయించుకోండి.

స్పారింగ్

వారానికి మూడురోజుల చొప్పున కనీసం నాలుగు నెలలు, కుదిరితే ఆరు ప్రాక్టీసు చేశాకే స్పారింగ్. నేను ఏడో నెలలో చేశాను. ముందు మెట్లున్నాయి: ఒకరు జాబ్ మాత్రమే, రెండోవాళ్ళు ఆపడం మాత్రమే. తర్వాత ఇద్దరూ జాబ్ మాత్రమే. తర్వాత తల వదిలేసి ఒంటికి మాత్రమే. ఈ మూడూ కంగారు లేకుండా చేయగలిగితే అప్పుడు అన్ని దెబ్బలతో, పావు వంతు బలంతో. జోడీ మీకంటే బాగా వచ్చినవాళ్ళై ఉండాలి. ఇద్దరు కొత్తవాళ్ళని కలిపితే భయంతో ఇద్దరూ గట్టిగా కొట్టుకుంటారు. మాస్టారు రింగు దగ్గర లేకపోతే స్పారింగ్ లేదు. 16 ఔన్సుల గ్లవ్స్, మౌత్‌గార్డ్, మగవాళ్ళకి గజ్జల దగ్గర పెట్టుకునే గ్రోయిన్ గార్డ్, ఆడవాళ్ళు కావాలంటే ఛాతీ గార్డ్, తలకి హెడ్‌గార్డ్.

హెడ్‌గార్డ్ ఉంది కదా అని ధైర్యపడకండి. అది కనుబొమ చిట్లకుండా, ముఖం వాచకుండా ఆపుతుంది. దెబ్బకి పుర్రె లోపల మెదడు కదలడాన్ని ఆపలేదు. ఎలీట్ మగవాళ్ళ పోటీల్లో 2013లో దాన్ని తీసేశారు కూడా. తలని కాపాడేది తక్కువ దెబ్బలు, మెల్లని దెబ్బలు, రెండు స్పారింగుల మధ్య చాలినంత ఎడం. అందుకే పెద్దవాళ్ళకి నా సలహా పదిహేను రోజులకి ఒకసారి, రెండు మూడు రౌండ్లు మించొద్దు. ఎదుటివాళ్ళు గట్టిగా కొడుతుంటే "కొంచెం మెల్లగా" అని నోటితో చెప్పండి. వినకపోతే గ్లవ్ ఎత్తి దిగిపొండి.

స్పారింగ్ తర్వాత తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం, మాట తడబడటం, వెలుతురు పడకపోవడం, అడిగిందే అడగడం, ఇవేవి కనిపించినా అక్కడితో ఆట ఆపెయ్యాలి, ఆరోజుకి మళ్ళీ రింగెక్కకూడదు. బండి మీరు నడుపుకుంటూ వెళ్ళకండి, ఇంట్లో ఎవరో ఒకరు రాత్రంతా గమనించాలి, డాక్టర్‌కి చూపించాలి. తలనొప్పి పెరుగుతున్నా, వాంతులవుతున్నా, మత్తుగా లేవలేకపోతున్నా వెంటనే ఎమర్జెన్సీకి. డాక్టర్ సరే అనేదాకా, గుర్తులన్నీ పూర్తిగా పోయేదాకా తలకి తగిలే ఆట వద్దు. మొదటి దెబ్బనుంచి తేరుకోకముందే రెండోది తగిలితే ప్రాణం మీదకి వస్తుంది.

నా మొదటి స్పారింగ్ ఇరవై ఏళ్ళ కుర్రాడితో, మూడు రౌండ్లు. మొదటి రౌండులో జాబ్ అన్నదే గుర్తు రాలేదు, రెండో రౌండులో మాస్టారు తాళ్ళ అవతలనుంచి "బాబూ, కాళ్ళు!" అని అరిచారు. ఎడమవైపు ఒక అడుగు వేశాను, వాడి కుడిచెయ్యి నా చెవి పక్కనుంచి ఖాళీగా వెళ్ళిపోయింది. నా జాబ్ వాడి హెడ్‌గార్డ్ మధ్యలో తగిలింది. అయిపోయాక ఇద్దరం గ్లవ్స్ తాకించుకున్నాం, వాడు నా బ్యాండేజీ విప్పిపెట్టి, "కుడిచెయ్యి దించుతున్నారన్నా, సోమవారం దాని మీద చేద్దాం" అన్నాడు. సోమవారం వెళ్ళాం, ఇద్దరం అద్దం ముందు నిలబడి కుడిచెయ్యి చెంపకి ఆనించి వంద జాబ్‌లు కొట్టాం.